తప్పు పాస్‌వర్డ్

జూన్ 9, సోమవారం

ఈరోజు కూడా ఆయన పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొట్టాడు. మూడోసారి తర్వాత కంప్యూటర్ అరగంట తాళం వేసుకుంది. ఆ అరగంటా ఆయన కుర్చీలోంచి లేవలేదు. చాయ్ ఇస్తే చల్లారిపోయింది. అరగంట అయ్యాక మళ్లీ మూడుసార్లు. మళ్లీ తాళం.

ఈ నియమాలన్నీ ఆయన పెట్టినవే. పన్నెండు అక్షరాలకు తగ్గకూడదు. పెద్దక్షరం ఉండాలి, అంకె ఉండాలి, చుక్కో చక్రమో ఏదో ఒక గుర్తు ఉండాలి. ఇంట్లోవాళ్ల పేర్లు పెట్టకూడదు. నలభై రెండు రోజులకొకసారి మార్చాలి. ముగ్గురున్న ఇంట్లో ఒక్క కంప్యూటర్‌కి ఇన్ని ఆంక్షలా అని నేను నవ్వితే, "పదిహేడేండ్లసంది ఎయిర్‌పోర్ట్ కార్గోల కంప్యూటర్లకు గిదే పని చేస్తున్న. అక్కడ కాపలా కాసి ఇంట్ల కంప్యూటర్ గాలికి ఇడుస్తనా?" అనేవాడు.

ఫిబ్రవరిలో ఔటర్ సర్వీసు రోడ్డు మీద బండి జారి తలకు దెబ్బ తగిలాక, పాతవన్నీ ఉన్నాయి గానీ కొత్తవి ఏ ఒకటో రెండో తప్ప నిలవడం లేదు. దెబ్బకు ముందు రెండు మూడు నెలలు కూడా తుడిచిపెట్టుకుపోయాయి. జనవరిలో పెట్టుకున్న పాస్‌వర్డ్ వాటితోపాటే పోయింది. మెల్లగా రావచ్చు, రాకపోవచ్చు, ఆరు నెలలు చూద్దాం అంది డాక్టరమ్మ.

వస్తుంది. మొన్న మా పెళ్లి శుభలేఖలో ఎవరి పేరు తప్పు పడిందో కూడా చెప్పాడు.

జూన్ 11

కీబోర్డు మీద పిడికిలితో గుద్దాడు. రెండు మీటలు ఊడిపోయాయి. తర్వాత నేల మీద కూర్చుని ఆ మీటలు ఏరుకుంటూ, "నా ఇంట్ల నేనే దొంగనైన" అన్నాడు. నాతో కాదు. తనతో తనే.

రేపటి నుంచి బడి. ఏడో తరగతికి తెలుగు నాకే ఇచ్చారు. పగలంతా ఆయన ఒక్కడే ఉంటాడు. పక్కింటి ప్రేమలతక్క గంటకోసారి తొంగిచూస్తానంది.

జూన్ 13

శ్రీలత కాలేజీ నుంచి వచ్చి వంటింట్లోకి లాక్కుపోయింది నన్ను. గుసగుసగా చెప్పింది.

"అమ్మా, బాపు ప్రతిసారి ఒక్కటే కొడ్తున్నడు. మూడు రోజులసంది వేళ్లు చూస్తున్న. నానమ్మ పేరు."

"లింగమ్మా?"

"ఇంగ్లీషుల. అన్నీ చిన్నక్షరాలే."

అత్తమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆయన మొట్టమొదట కంప్యూటర్ నేర్చుకున్న రోజుల్లో పెట్టుకున్న పాస్‌వర్డ్ అదేనట, ఒకసారి చెప్పాడు. తర్వాత ఇరవై ఏళ్లలో ఎన్ని మార్చుకున్నాడో. అన్నీ పోయి అది ఒక్కటి మిగిలింది.

శ్రీలత ఇంకోమాట కూడా అంది. ఆ మాట గురించి రాత్రంతా ఆలోచించాను. రేపు రెండో శనివారం, నాకు సెలవు.

జూన్ 14, శనివారం

చేశాం.

మధ్యాహ్నం మాత్రలు వేసుకుంటే ఆయనకు రెండు గంటలు నిద్ర పడుతుంది. బీరువాలో పొలం కాగితాల కింద ఒక కవరు ఉంది, ఆయనే అంటించి పైన 'ఆపదకు మాత్రమే' అని రాసి పెట్టాడు. ఇంటి కంప్యూటర్ మీద సర్వాధికారాలున్న పాస్‌వర్డ్ అందులో ఉంది. చింపాను. ఇది ఆపద కాకపోతే మరేది?

శ్రీలత దాంతో లోపలికి వెళ్లి బాపు పాస్‌వర్డ్‌ను నానమ్మ పేరుకు మార్చబోయింది. కంప్యూటర్ ఒప్పుకోలేదు. చిన్నది, బలం లేదు, నియమాలకు తగ్గట్టు లేదు అని ఎర్రక్షరాలు చూపించింది. ఆయన లేచి వచ్చి మమ్మల్ని గదమాయించినట్టే అనిపించింది.

"మరి నియమాలే మార్చాలె" అంది శ్రీలత.

పన్నెండు తీసేసి ఎనిమిది చేసింది. పెద్దక్షరం, అంకె, గుర్తు అక్కర్లేదు అని నొక్కింది. అప్పుడు ఒప్పుకుంది. నిమిషం కూడా పట్టలేదు.

లేవబోతూ ఆగింది. "అమ్మా, మామూలుగ కొత్త పాస్‌వర్డ్ పెట్టి బాపుకు ఒక కాయితం మీద రాసిస్తే అయిపోతుండె గదా?"

"రాసిస్తే, నీకు యాదికుంటలేదు అని రోజూ ముఖం మీద చెప్పినట్టే గద బిడ్డా" అన్నాను.

సాయంత్రం ఆరింటికి ఆయన కూర్చున్నాడు. నేను కూరగాయలు తరుగుతున్నాను, చూడలేదు. వేళ్ల చప్పుడు. తర్వాత ఆ చిన్న సంగీతం, తెరుచుకున్నప్పుడు వచ్చేది.

"నిర్మలా! శ్రీలతా! ఇటు రాండ్రి, ఉర్కి రాండ్రి!"

కళ్లలో నీళ్లు. "చూసిన్రా? మర్చిపోలే. యాదికున్నది. వేళ్లకే యాదికున్నది!"

మేమిద్దరం చప్పట్లు కొట్టాం. ఫిబ్రవరి తర్వాత ఆయన నవ్వగా చూడడం ఇదే మొదటిసారి. రాత్రి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

ఇదొక్కటే. ఇంకేం చేయను.

జూన్ 15

బాగున్నాడు.

జూన్ 18

బాగున్నాడు. పొద్దున్నే కంప్యూటర్ తెరిచి పాత ఫొటోలు సర్దుతున్నాడు. ఏ ఫొటో ఏ ఊళ్లో తీసిందో తప్పు లేకుండా చెప్పాడు.

జూన్ 22

నేను నిన్న తెచ్చిన టమాటాలు చూసి, "మంచియి తెచ్చిన గదా నేను?" అన్నాడు. అవునన్నాను. ఏం పోయింది?

జూన్ 27

శంషాబాద్ బ్యాంకుకు వెళ్లి వస్తుంటే ఆయన ఫోన్ నా సంచిలో మోగింది. ఈ మధ్య ఆయన ఫోన్ నేనే దగ్గర పెట్టుకుంటున్నాను. ఆయనకు అదే మంచిది. ఎవరో ఏదో అడుగుతారు, చెప్పలేకపోతాడు, మళ్లీ పరేషాన్ అవుతాడు.

మోగింది ఆఫీసు నుంచి. ఆయన పైఅధికారి రాజశేఖర్ గారు.

"నిర్మల గారూ, రాఘవేందర్ ఎలా ఉన్నారండీ? మాట్లాడొచ్చా?"

"నిద్రపోతున్నారండీ. చాలా మెరుగ్గా ఉన్నారు."

"సంతోషం. పైనుంచి ఒక లెటర్ వస్తుంది. కంగారుపడకండి. కానీ తేదీ చూసుకోండి."

జూలై 3, గురువారం

లెటర్ వచ్చింది. జూలై 31 లోపల డాక్టర్ సర్టిఫికెట్‌తో స్వయంగా హాజరు కావాలట. లేకపోతే ఆ పోస్టులో వేరేవారిని తీసుకుంటారట.

దిద్దని ఏడో తరగతి పేపర్ల మధ్య పెట్టాను. మంచి సమయం చూసి చెప్తాను. ఇంకా నెల ఉంది.

జూలై 6

ఎవరూ చదవని చోట కూడా రాయకుండా తప్పించుకుంటున్న సంగతి ఒకటుంది.

ఆరోజు శ్రీలత పన్నెండును ఎనిమిది చేస్తున్నప్పుడు, లోపల నాకు ఒక తృప్తి కలిగింది. ఎన్నేళ్లు తిట్టాడు నన్ను ఆ నియమాలతో! నా పుట్టినరోజు కలిపి పాస్‌వర్డ్ పెట్టుకుంటే, "పిల్లలకు చదువు చెప్తవు, నీకు గీ మాత్రం తెల్వదా" అని శ్రీలత ముందే అన్నాడు. ఇప్పుడు ఇంట్లో ఏది ఎక్కడుందో తెలిసింది నాకే. ఫోన్ నా దగ్గర, లెటర్ నా దగ్గర, కవరు నా దగ్గర. ఆయన నవ్వేది నేను తిప్పిన తాళంతో.

ఆయన కోసమే చేశాను. అదీ నిజమే.

జూలై 8

యూనిఫాం ఇస్త్రీ చేసుకున్నాడు. బూట్లకు పాలిష్ పెట్టాడు.

"సోమవారం నుంచి డ్యూటీకి పోత."

"డాక్టరమ్మ ఒప్పుకోలే గదా. బండి ముట్టుకోవద్దన్నది."

"ఆమెకేం ఎరుక? అసుంటి పాస్‌వర్డ్ యాదికున్నోనికి రోజూ పోయే తొవ్వ యాదికుండదా?"

శ్రీలత పుస్తకంలోంచి తల ఎత్తి నన్ను చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

ప్రతిరోజూ ఎన్నో మర్చిపోతాడు. ఇదీ సోమవారానికి మర్చిపోతాడు. బండి తాళంచెవి పప్పు డబ్బాలో దాచాను.

జూలై 14, సోమవారం

మర్చిపోలేదు. యూనిఫాం గోడకు వేలాడుతుంటే ఎలా మర్చిపోతాడు? నాకు తట్టలేదు. రెండో తాళంచెవి ఒకటుందని కూడా తట్టలేదు.

రెండో పీరియడ్‌లో ఉండగా ప్రేమలతక్క ఫోన్ చేసింది. "నిర్మలా, బండి లేదు. నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచున్నది."

ఆయన ఫోన్ నా దగ్గరే. ఆయనకు మంచిదని నేను తీసి పెట్టుకున్న ఫోన్. ఎక్కడని ఫోన్ చేయను? హెడ్మాస్టర్‌కు చెప్పి ఆటో ఎక్కాను. కార్గో గేటు దాకా వెళ్లాను. ఆయన రాలేదని సెక్యూరిటీవాళ్లు అన్నారు. దారి పొడవునా రోడ్డు పక్క ఎవరు గుమిగూడినా ఆటో ఆపించి చూశాను. బండి మీద ఉండగా ఫిట్స్ వస్తే ఏమవుతుందో డాక్టరమ్మ నాకు విడిగా చెప్పింది. ఆయనకు చెప్పొద్దని నేనే బతిమాలాను.

పన్నెండున్నరకు తెలియని నంబర్ నుంచి ఫోన్.

"అమ్మా, నిర్మలమ్మనా? నా పేరు మొగులయ్య. కందుకూర్ల విత్తనాల దుకాణం నాది. ఈడ ఒక సార్ వచ్చిండు. నీ నంబర్ నోటికి చెప్పిండు."

కందుకూరు! విమానాశ్రయానికి మలుపు తిరగకుండా తుక్కుగూడ దాకా పోయి, అక్కడి నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకున్నాడు.

"మంచిగున్నడా? దెబ్బలేమన్న…"

"దెబ్బలేం లేవమ్మా. గంటసంది అట్ల ఇట్ల తిరుగుతుంటే నేనే ఆపిన. డ్యూటీకి లేటైతున్నది, ఎయిర్‌పోర్ట్ గేటు ఏడ పోయింది అని అడుగుతున్నడు. ఎనకకే ఉన్నది సార్ అంటే ఇంటలేడు. జర జల్ది రా."

వెళ్లేసరికి దుకాణం ముందు విత్తనాల బస్తా మీద కూర్చుని ఉన్నాడు. యూనిఫాం చంకల దగ్గర తడిసిపోయింది. మెడలో ఐడీ కార్డు. మొగులయ్య గ్లాసుతో నీళ్లు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ముసలాయన. బండి తాళంచెవి తన చేతిలోనే గట్టిగా పట్టుకున్నాడు.

నన్ను చూడగానే ఆయన లేచాడు. "రోడ్లు మార్చిన్రు నిర్మలా. గేటు జరిపిన్రు. ఎవ్వలకు చెప్పకుండ జరిపిన్రు."

"అవును, మార్చిన్రు" అన్నాను.

మొగులయ్య నా వైపు చూశాడు. బండి రేపు తన మనిషితో పంపిస్తానన్నాడు. ఆటోలో వస్తున్నంతసేపూ ఆయన తల బయటికి పెట్టి విమానాలు దిగేది చూస్తూ, "గదిగో, గటు గదా గేటు" అంటూనే ఉన్నాడు.

రాత్రి శ్రీలత అడిగింది. "అమ్మా, బాపుకు చెప్దాం. మనం చేసిందాని వల్లనే గదా?"

"మనం చేసినందుకు కాదు. రోడ్లు నిజంగానే మారినయి" అన్నాను. పదిహేడేళ్ల పిల్లకు. ఆయనకు చెప్పిన అబద్ధమే దానికీ చెప్పాను.

జూలై 17

బాగున్నాడు.

జూలై 20

లెటర్ గురించి రేపు చెప్తాను.

జూలై 23

రేపు.

జూలై 26, శనివారం

బడి నుంచి వచ్చేసరికి నాలుగున్నర. శ్రీలత ఇంకా రాలేదు. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు, తెర వైపు కాదు, గుమ్మం వైపు తిరిగి. నా కోసమే చూస్తున్నాడు.

"నిర్మలా, కూసో."

కూర్చున్నాను.

"పొద్దుగాల పాస్‌వర్డ్ మార్చుమని అడిగింది. గడువు అయిపోయిందట. సరే అని కొత్తది కొడ్తుంటే సగంల చెయ్యి తగిలి ఎంటర్ పడ్డది. ఒప్పుకున్నది."

నాకు అర్థమైంది. నలభై రెండు రోజులు. అన్నీ మార్చాం, ఆ ఒక్క నియమం మర్చిపోయాం.

"ఒప్పుకోవద్దు గదా? నేను పెట్టిన నియమం అది. తొమ్మిది అక్షరాలు, ఒక్క పెద్దక్షరం లేదు. ఎట్ల ఒప్పుకున్నది?"

"ఏమో, మొన్న అప్‌డేట్ ఏదో వచ్చింది గదా, దాంట్ల…"

"జూన్ పద్నాలుగు. సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు." కాగితం మీద రాసుకున్నాడు, మర్చిపోకుండా. కాగితం నాకు చూపించాడు. "ఎప్పుడు ఏం మారిందో అంత రాసి పెట్టుకుంటది కంప్యూటర్. గది చదువుడు నా పని. నా పని నాకు యాదికున్నది."

ఆ తర్వాత ఏమీ కప్పిపుచ్చలేకపోయాను. చెప్పాను. కవరు చింపింది, శ్రీలతతో మార్పించింది, అత్తమ్మ పేరు.

పైనుంచి ఒక విమానం వెళ్లింది, అది పోయేదాకా ఆగాడు.

"అంటే నేను కొట్టింది ముందు నుంచి తప్పే."

"తప్పే."

"నాకు యాదికి రాలే."

"రాలే."

"నేను నవ్విన. మిమ్ముల పిలిచి చూపిచ్చిన. మీరు చప్పట్లు కొట్టిన్రు." గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. "తాళం మీరు ఇరగ్గొట్టి, తలుపు నువ్వే తీసినవని చెప్పిన్రు. దాన్ని నమ్మి నేను బండెక్కిన. కందుకూర్ దాక పోయిన. పోయిన గదా?"

"పోయినవ్."

"గేటు జరిపిన్రని అన్నవా?"

"అన్న."

"ఇంకేమేం మార్చిన్రు?"

టమాటాలా? ఫోనా? ఫిట్స్ సంగతా? ఏది ముందు చెప్పాలో తెలియక, లేచి పేపర్ల కట్టలోంచి లెటర్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. తేదీ మీద వేలు పెట్టి గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.

ఐదు రోజులు.

జూలై 27

మాట్లాడలేదు.

శ్రీలత కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. దాని తల మీద చెయ్యి వేశాడు. నా వైపు చూడలేదు.

జూలై 28, సోమవారం

ఈరోజు సాయంత్రం దాకా మాట్లాడలేదు. మరిచిపోతాడేమో అనుకున్నాను. సిగ్గులేకుండా అలాగే ఆశపడ్డాను. కానీ జరిగిందంతా ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. పొద్దున లేవగానే అదే చదువుతున్నాడు.

దీపాలు పెట్టే వేళకు నోటుబుక్కు తెచ్చి నా ముందు కూర్చున్నాడు.

"చెప్పు."

"ఏం చెప్పాలె?"

"దెబ్బ తగిలినంక నేను ఎట్లున్న? నాకు తెల్వకుండ ఏమేం నడుస్తున్నయి? ఒక్కటి దాసినా నాకు తెలుస్తది, ఆలస్యంగనైనా తెలుస్తది. చెప్పు, రాసుకుంట."

చెప్పాను. ఒకే సంగతి రోజుకు ఐదారుసార్లు అడుగుతాడని. మార్చిలో సొంత అక్కను గుర్తుపట్టక, పట్టినట్టు నటించాడని. ఫిట్స్ వచ్చే ప్రమాదముందని. ఆఫీసువాళ్లు ఫోన్ చేస్తే నేనే మాట్లాడానని. చెప్తూ చెప్తూ, నియమాలు మార్చినప్పుడు నాకు కలిగిన ఆ తృప్తి కూడా చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు.

అన్నీ రాసుకున్నాడు. చివరిది మాత్రం రాయలేదు. కలం పట్టుకుని నన్ను చూశాడు.

"నిన్ను గంతగనం సతాయించిన్నా?"

"సతాయించినవ్."

తల ఊపాడు. ఆ సంగతి కూడా రాసుకున్నాడు.

జూలై 29

ఆస్పత్రికి వెళ్లాం. డాక్టరమ్మ ఎప్పటిలాగే గుర్తుపెట్టుకోమని మూడు మాటలు చెప్పి, ఐదు నిమిషాలయ్యాక అవేమిటని అడిగింది. ఇదివరకు ఇలాంటప్పుడు ఆయన ఏదో ఒకటి తడుముకోకుండా చెప్పేసేవాడు, తప్పయినా. నేను పక్క నుంచి పెదాలు కదిపేదాన్ని. ఈరోజు నన్ను బయట కూర్చోమన్నాడు.

తలుపు సందులోంచి వినిపించింది.

"తెల్వదు మేడం. ఒక్కటి గూడ యాదికి లేదు."

"పర్వాలేదు. ఐదు నెలల్లో మీరు నాకు చెప్పిన మొదటి సరైన జవాబు ఇది" అంది ఆమె.

పాత పనికి పంపలేనని సర్టిఫికెట్‌లో రాసింది. ఉన్నది ఉన్నట్టు రాయమని ఆయనే అడిగాడట.

జూలై 31, గురువారం

బస్సులో వెళ్లాం. యూనిఫాం వేసుకోలేదు, మామూలు చొక్కా.

"నువ్వు మాట్లాడకు. నేనే చెప్త" అన్నాడు.

రాజశేఖర్ గారు లేచి నిలబడ్డారు. "రండి రాఘవేందర్, కూర్చోండి. చూడ్డానికి బాగున్నారే."

"చూడనీకి బాగనే ఉన్న సార్. లోపల కొత్తయి నిలుస్తలేవు. పొద్దున మీరు చెప్పింది పగటికి ఉండదు. గసుంటోనికి మీ తాళాలు ఇయ్యొద్దు. మీ జాగల నేనున్నా ఇయ్య." నోటుబుక్కు తెరిచాడు. "పాతయి మాత్రం ఉన్నయి. మొదటి రోజు నుంచి వైరు ఏడికెల్లి ఏడికి పోయిందో చెప్త. కొత్త పిల్లలకు నేర్పుమంటే నేర్పుత, రాసిన కాయితం ముందల పెట్టుకొని. లేదంటరా, సరే."

రాజశేఖర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "హామీ ఇవ్వలేనండీ. పైవాళ్లతో మాట్లాడతాను. గట్టిగానే మాట్లాడతాను."

"గది చాలు సార్."

మెడలోని ఐడీ కార్డు తనే తీసి బల్ల మీద పెట్టాడు. నేను చూడలేకపోయాను. ఆయన మాత్రం నెమ్మదిగానే ఉన్నాడు.

గేటు బయటికొచ్చాం. ఎండ, లారీల దుమ్ము. బస్‌స్టాపు కనిపించదు అక్కడి నుంచి. ఇన్నాళ్లూ ఇలాంటి చోట నేను అర అడుగు ముందు నడిచేదాన్ని, తోవ ఆయనే పట్టినట్టు ఉండేది. ఈరోజు అలా చేయలేదు. ఆయన పక్కనే ఆగిపోయాను.

ఆయన కుడి వైపు చూశాడు. ఎడమ వైపు చూశాడు. పదిహేడేళ్లు రోజూ తిరిగిన రోడ్డు.

"ఎటు పోవాలె నిర్మలా?" అని అడిగాడు.

"ఎడమకు" అన్నాను.